నాలుగున్నర బై ఏడున్నర బాత్‌రూమ్‌కి షవర్ ఎన్‌క్లోజర్ పెట్టించాలా, ఒక్క గ్లాస్ పార్టిషన్ చాలా?

నిజాంపేట_నివాసి
అందరికీ నమస్తే. మాది నిజాంపేటలో పాత అపార్ట్‌మెంట్, మూడో ఫ్లోరు. కామన్ బాత్‌రూమ్ మొత్తం కొట్టించేసి కొత్తగా చేయిస్తున్నాం, వచ్చే వారం టైల్స్ ఊడదీస్తారు. వెడల్పు నాలుగున్నర అడుగులు, పొడవు ఏడున్నర. తలుపు తీయగానే ఎడం పక్క వాష్ బేసిన్, దాని తర్వాత కమోడ్, చివర్లో వెంటిలేటర్ కింద షవర్. ఇప్పుడు బాధేంటంటే ఎవరు స్నానం చేసొచ్చినా గుమ్మం దాకా తడే, పిల్లలు స్కూలుకి రెడీ అయ్యి సాక్సులేసుకుని అందులోకి దూరతారు, ఇక చూడండి. పైగా మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, ఆ తడిలో ఎక్కడ జారతారో అని నాకు రోజూ దడ.

గ్లాస్ షాపతను వచ్చి చూసి, మూల మీద మూడు బై మూడు ఎన్‌క్లోజర్, రెండు వైపులా 8 ఎంఎం గ్లాసు, స్లైడింగ్ డోరు, మొత్తం 44 వేలు అన్నాడు. ఒక్క ఫిక్స్‌డ్ గ్లాసు అయితే 15 వేలు అంట. మావారికేమో ఎన్‌క్లోజరే నచ్చింది, హోటల్ రూమ్‌లా ఉంటుంది అంటున్నారు. నాకు ఎందుకో ఆ డబ్బాలో మనిషి తిరగ్గలడా అని డౌటు. 8 ఎంఎం చాలా, 10 కావాలా? స్లైడింగా, తలుపులా తెరుచుకునేదా? ప్లెయినా, ఫ్రాస్టెడా? మాకు ఎక్కువగా బోరు నీళ్ళే, అది కూడా చూసి చెప్పండి ప్లీజ్.

వైజాగ్_బీచ్_బాబు
అక్కా 44 వేలు ఎందుకు తగలేయడం, ఒక స్టీల్ రాడ్డు, ఒక కర్టెను, అయిపోయె. పాతబడితే తీసి పారేసి కొత్తది వేస్కోవడమే. మా ఇంట్లో అదే.

కడప_కోడలు
@వైజాగ్_బీచ్_బాబు ఆ కర్టెను నీళ్ళు పడగానే వచ్చి ఒంటికి అతుక్కుంటాది కదా, మా పాతింట్లో ఉండె, కింద అంచు నల్లగా బూజు పట్టేది, నెలకోసారి మెషిన్లో వేసినా పోలేదు. అద్దె ఇంటికైతే సరే గానీ సొంతిల్లు కొట్టించి కట్టుకుంటా ఉంటే కర్టెను ఎందుకుప్పా.

ఫ్రిస్కో_పద్మ
హాయ్ అండి, నేను టెక్సస్‌లో ఉంటా. ఇక్కడ ప్రతీ ఇంట్లో గ్లాస్ షవరే కాబట్టి నా అనుభవం చెప్తా. మూడు బై మూడు అంటే మరీ చిన్నదేం కాదు, ఇక్కడి కోడ్ ప్రకారం షవర్ లోపల కనీసం 30 అంగుళాల గుండ్రం పట్టాలి, మీది 36. కానీ ఇక్కడ మేం నిలబడి షవర్ కింద స్నానం చేసి బయటికొచ్చేస్తాం, లోపల బకెట్ ఉండదు, స్టూల్ ఉండదు. ఇంకోటి, ఇక్కడ తెరుచుకునే డోర్ అయితే బయటి వైపుకే తెరుచుకోవాలి, అది రూలు. లోపల మనిషి కళ్ళు తిరిగి పడిపోతే లోపలికి తెరుచుకునే డోర్‌ని బయట నుంచి ఎవరూ తియ్యలేరు కదా, అందుకు. పెద్దవాళ్ళున్న ఇల్లు అంటున్నారు కాబట్టి మీ బాత్‌రూమ్ మెయిన్ డోర్ సంగతి కూడా ఒకసారి ఆలోచించండి.

క్లీనింగ్ విషయం మటుకు ముందే చెప్తున్నా, స్నానం అయ్యాక ప్రతిసారీ వైపర్ లాగితేనే గ్లాస్ గ్లాస్‌లా ఉంటుంది. ఇక్కడ పనిమనిషి లేదు, ఆ పని నాదే.

తాపీ_బాబాయ్
అమ్మాయ్, ముప్పై ఏళ్ళు సైట్ల మీద సూపర్‌వైజరుగా తిరిగినవాణ్ణి, ఒక మాట అడుగుతా ఏమీ అనుకోకు. గ్లాసు ఎంత మందం అని అడిగావు, రంగు అడిగావు, నానీ ట్రాప్, అదే నేలలో నీళ్ళు పోయే జాలీ, ఎక్కడుందో చెప్పలేదు. ఆ మూడు బై మూడు లోపల పడుతుందా, బయట పడుతుందా? నేల వాటం ఎటు ఉంది? మీ అత్తగారు షవర్ కింద నిలబడి చేస్తారా, బకెట్టు చెంబేనా? తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా? ఇవి చెప్పు, అప్పుడు గ్లాసు గురించి మాట్లాడుకుందాం.

నిజాంపేట_నివాసి
బాబాయ్ గారూ మంచి ప్రశ్న, నేను అసలు చూడనే లేదు. ఇప్పుడే వెళ్ళి చూశా. ట్రాప్ ఎడం గోడ వారగా ఉంది, కమోడ్‌కి షవర్‌కి మధ్యలో. వెనక గోడ నుంచి టేపు పెట్టి కొలిస్తే ట్రాప్ మధ్యకి 37 అంగుళాలు వచ్చింది. వాటం మొత్తం దానివైపే. తలుపు లోపలికే తెరుచుకుంటుంది.

అత్తయ్య బకెట్టు, చెంబు, ప్లాస్టిక్ పీట. షవర్ అంటే ఆవిడకి గిట్టదు, తల మీద వాన పడ్డట్టు ఉంటుందంటారు. పిల్లలు, మావారు షవర్. ఆదివారం పిల్లలకి తలంటు పోసేది కూడా ఇక్కడే, నూనె, సున్నిపిండి, కుంకుడుకాయ రసం అన్నీ.

తాపీ_బాబాయ్
అదిగో. షాపువాడు మూడడుగులు అన్నాడంటే 36 అంగుళాలు. ట్రాప్ 37 దగ్గరుంది. అంటే గ్లాసు సరిగ్గా జాలీ నెత్తిన దిగుతుంది తల్లీ. గ్లాసు కింద గట్టు కట్టారా, లోపలి నీళ్ళు లోపలే నిలబడిపోతాయి. గట్టు లేకుండా సందు వదిలితే నీళ్ళన్నీ కమోడ్ పక్క నుంచి వచ్చి ట్రాప్‌లో పడతాయి, ఇక 44 వేలు పెట్టి ఆపింది ఏముంది? షాపువాడిని తప్పు పట్టట్లేదు, అతను గోడలు కొలుస్తాడు, నేల చూడడు, నేల చూడాల్సింది మేస్త్రి.

కొత్త బిల్డింగుల్లో అయితే బాత్‌రూమ్ స్లాబు అడుగు దాకా కిందికి దించి పోస్తారు, సంకెన్ అంటారు, అందులో పైపులు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. పాత వాటిల్లో స్లాబుకి బొక్క కొట్టి కింద ఫ్లాటు వాళ్ళ బాత్‌రూమ్ పైకప్పు కింద నుంచి పైపు పోతుంది. మీది ఏదో కింద రెండో ఫ్లోరు వాళ్ళ బాత్‌రూమ్‌లో తలెత్తి చూస్తే తెలిసిపోతుంది. రెండో రకం అయితే ట్రాప్ జరపడం అంటే వాళ్ళ ఫాల్స్ సీలింగు విప్పాలి, స్లాబుకి కొత్త బొక్క కొట్టాలి, పాతది పూడ్చాలి, రేపెప్పుడో చెమ్మ కనబడితే జన్మంతా ఆ ఇంటివాళ్ళతో మాటలుండవు.

నిజాంపేట_నివాసి
అయ్యబాబోయ్. రెండో రకమే. కింద ఫ్లాటు ఆంటీ వాళ్ళకి ఆల్రెడీ ఒకసారి చెమ్మ దిగిందని గొడవ అయింది, అందుకే కదా ఈ రెనోవేషన్ మొదలుపెట్టిందే. ట్రాప్ జరిపే మాట వాళ్ళ దగ్గర ఎత్తలేను.

సాఫ్ట్‌వేర్_సన్యాసి
సబ్జెక్ట్ మధ్యలో దూరుతున్నందుకు సారీ, అసలు గ్లాసు సేఫేనా అండి? బెంగళూరులో మా ఫ్రెండ్ వాళ్ళింట్లో అర్ధరాత్రి ఎవరూ ముట్టుకోకుండానే షవర్ గ్లాసు ఢాం అని పేలి మొత్తం ముక్కలైపోయింది. నిజంగా పేలింది, నేను ఫోటో చూశా. అప్పట్నుంచీ మా ఆవిడ గ్లాసు అంటేనే వద్దంటోంది.

కరీంనగర్_గ్లాసన్న
అన్నా గిది నా లైను, నేను జెప్త. నేను గ్లాస్ ఫిట్టింగ్ పని చేస్త, మీ పేలుడు ముచ్చట నిజమే.

టఫెండ్ గ్లాస్ అంటే ఏంటిదంటే మామూలు గ్లాసుని కొలతకి కోసి, బొక్కలు గొట్టి, అంచులు పాలిష్ చేసి, అన్నీ అయినంక ఫర్నేసుల ఆరువందల డిగ్రీలు దాటేదాక వేడి చేసి ఒక్కసారి గాలి కొట్టి సల్లారుస్తరు. గప్పుడు పైపొర బిగుసుకుంటది, లోపల గుంజుతుంటది, అందుకనే మామూలు గ్లాసుకంటె నాలుగైదు రెట్లు గట్టి. పగిలితే గూడ కత్తుల్లెక్క కాకుండ శెనగగింజలంత ముక్కలైతది. గా ముక్కలు గుచ్చుకుంటయి గని, మామూలు అద్దం లెక్క నరాలు తెగేటట్టు కొయ్యవు. బాత్‌రూమ్‌ల టఫెండ్ తప్ప ఇంకోటి పెట్టనియ్యకుండ్రి, ఎంత చవుక ఇచ్చినా సరే.

ఇగ తనంతట తాను పగులుడు: గ్లాసు తయారైనప్పుడు లోపల నికెల్ సల్ఫైడ్ అని కంటికి కానరాని చిన్న నలుసు ఉంటే అది ఏండ్లు గడిచినంక ఉబ్బుతది, గప్పుడు మొత్తం ఒక్కసారే పోతది. ఇది తక్కువ. నేను చూసిన వాటిల్ల ఎక్కువ మటుకు ఫిట్టింగ్ తప్పులే. గ్లాసు అంచు డైరెక్టుగ టైలుకి తాకుతది, స్క్రూ అడ్డగోలు బిగిస్తరు, క్లాంపు నడుమ రబ్బరు వాషర్ వెయ్యరు. టఫెండ్ గ్లాసు నడుమ గుద్దినా తట్టుకుంటది గని మూలకి చిన్న దెబ్బ తగిలిందంటె ఇప్పుడు గాకపోతే రేపు పోతది. దింపేటప్పుడు మూల నేలకి కొట్టిన్రా, గా గ్లాసు తీసుకోకుండ్రి, వాపస్ పంపుండ్రి.

భయముంటె రెండు దారులు. హీట్ సోక్ టెస్ట్ చేసింది అడుగుండ్రి, అంటే టఫెన్ చేసినంక మళ్ళ ఓవెన్ల పెట్టి కొన్ని గంటలు వేడి చేస్తరు, నలుసు ఉన్నదైతే అక్కడ్నే పగిలిపోతది. లేకుంటె గ్లాసు మీద సేఫ్టీ ఫిలిం ఏయించుకోండ్రి, పగిలినా రాలకుండ పట్టుకుంటది. గ్లాసు మూలకి టఫెండ్ అని చెరిగిపోని ముద్ర ఉంటది, ఐఎస్ 2553 అని మన సేఫ్టీ గ్లాసు స్టాండర్డ్ నంబరు, గది సూసి తీసుకోండ్రి.

సాఫ్ట్‌వేర్_సన్యాసి
@కరీంనగర్_గ్లాసన్న అన్నా సూపర్, ఇది మా ఆవిడకి చూపిస్తున్నా. ఫిలిం వేసుకున్నాక క్లీనింగ్ కష్టమా?

కరీంనగర్_గ్లాసన్న
మెత్తటి బట్ట, సబ్బు నీళ్ళు. పీచు పెట్టి తోమితే గీతలు పడ్తయి. అంతే తమ్మీ.

అక్కా మీ ప్రశ్నలకి: 8 ఎంఎం అంటే చదరపు మీటరుకి 20 కిలోలు, 10 ఎంఎం అంటే 25. ఫిక్స్‌డ్ గ్లాసు రెండు రెండున్నర అడుగుల వెడల్పు ఉండి పైన గోడకి సపోర్ట్ రాడ్ ఉంటె 8 బరాబర్ సరిపోతది. సపోర్ట్ లేకుండ వెడల్పు ఎక్కువ పెడితె 10 పెట్టాలె, లేకుంటె చెయ్యి ఆనిస్తె ఊగుతది. తలుపు లెక్క తెరుచుకునేది పెట్టిన్రంటె ఆ బరువు మొత్తం హింజుల మీద, హింజులు టైల్ మీద, టైల్ ఎనక డొల్ల ఉంటె రెండేండ్లల్ల ఊడి వస్తది. స్లైడింగ్ అయితే కింద పట్టాల సబ్బు మడ్డి నిండుతది, చక్రాలు పట్టేస్తయి. చిన్న బాత్‌రూమ్‌కి తలుపే లేని ఫిక్స్‌డ్ మంచిగుంటది, నాకు 44 వేల పని పోతది గని ఉన్నది ఉన్నట్టు చెప్తున్న 😀

హార్డ్‌వేర్ 304 స్టీల్ అని చెప్పి చవుక రకం 202 అంటగడ్తరు. అయస్కాంతం పెట్టి చూస్తె తెలుస్తది అంటరు, తెల్వదు, రెండిటికీ అయస్కాంతం సరిగ అంటదు. బిల్లు మీద 304 అని రాపిచ్చుకోండ్రి. నల్ల రంగు కోటింగ్ ఫోటోలల్ల మస్తుంటది, బోరు నీళ్ళకి తెల్ల మచ్చలు దాని మీదనే ఎక్కువ కనిపిస్తయి.

కడప_కోడలు
బోరు నీళ్ళ కథ నన్ను అడుగు చెల్లీ. మా ఊర్లో నీళ్ళు చెంబులో కాచి వంచితే అడుగున తెల్లగా సున్నం తేలతాది. గ్లాసు పెట్టిన మొదటి నెల అద్దం మాదిరి మెరిసింది, చుట్టాలొస్తే బాత్‌రూమ్ చూపిచ్చేదాన్ని. తర్వాత కింద మూరెడు భాగం పొగ పట్టినట్టయింది. నీటి బొట్టు ఎండిపోతే అందులో సున్నం అక్కడే మిగిలిపోతాది, దాని మీద ఇంకో బొట్టు, దాని మీద సబ్బు. సబ్బు బిళ్ళ ఆ నీళ్ళలో నురగ రాదు, తెట్టు కడతాది, ఆ తెట్టే గ్లాసుకి అతుక్కునేది. లిక్విడ్ బాడీ వాష్‌కి మారినాక సగం తగ్గింది.

నేను చేసేది ఇది. వారానికొకసారి తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి స్ప్రే చేసి, పది నిమిషాలుంచి, మెత్తటి గుడ్డతో తుడిచి, మంచి నీళ్ళతో కడిగేస్తా. బాగా ముదిరిపోయినచోట గుడ్డ వెనిగర్‌లో తడిపి గ్లాసుకి అట్లే అంటించి పెడతా. నిమ్మచెక్క కూడా పనిచేస్తాది. టాయిలెట్ కడిగే యాసిడ్ మటుకు పొయ్యొద్దు, స్టీల్ క్లాంపులు మచ్చలు పడతాయి, టైల్స్ మధ్య గ్రౌట్ తినేస్తాది. కింద మార్బులు ఉంటే వెనిగర్ కూడా దాని మీద పడనీయొద్దు, మెరుపు పోతాది.

తలంటు రోజున నూనె చేత్తో పిల్లలు గ్లాసు పట్టుకుంటారు చూడు, ఐదు వేళ్ళూ అచ్చు పడతాయి 😂 దానికి వెనిగర్ పనిచేయదు, గిన్నెలు తోమే లిక్విడ్డే.

ఫ్రిస్కో_పద్మ
@కడప_కోడలు ఆ నూనె వేళ్ళ అచ్చులు ఇక్కడ కూడా సేమ్ అండి, మా అమ్మ వచ్చినప్పుడల్లా పిల్లలకి తలంటు 😄. నివాసి గారూ, బోరు నీళ్ళ హార్డ్‌నెస్, అంటే అందులో సున్నం ఎంతుందో, ఒకసారి టెస్ట్ చేయించండి, టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే మొత్తం ఉప్పులు తెలుస్తాయే గానీ హార్డ్‌నెస్ విడిగా తెలీదు. ఇండియా తాగునీటి స్టాండర్డ్‌లో హార్డ్‌నెస్ లీటరుకి 200 మిల్లీగ్రాములు మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఓకే అని ఉంటుంది. మీది అంతకి మించి ఉంటే ముందు సాఫ్ట్‌నర్ సంగతి చూసుకోండి, గీజర్ కాయిల్ కూడా దానివల్లే పోతుంది.

నిజాంపేట_నివాసి
సొసైటీలో ఎవరో టెస్ట్ చేయించారు, అంతకంటే ఎక్కువే వచ్చిందని వాట్సాప్ గ్రూపులో గోల జరిగింది. సాఫ్ట్‌నర్ పెడదామని మీటింగులు అవుతూనే ఉన్నాయి, మా సొసైటీ మీటింగుల సంగతి మీకు తెలిసిందే కదా 🙏

మావారు ఈ థ్రెడ్ చదివి, అయితే ఫ్రాస్టెడ్ పెట్టిద్దాం మరకలు కనబడవు అంటున్నారు.

కరీంనగర్_గ్లాసన్న
ఫ్రాస్టెడ్ గ్లాసుకి ఒక దిక్కు గరుకు, ఇంకో దిక్కు నున్నగ ఉంటది. గరుకు వైపు లోపలికి వచ్చిందనుకోండ్రి, సబ్బు మడ్డి ఆ గరుకుల ఇరుక్కుంటది, ఇగ మీ తరం కాదు. పెట్టాలంటె నున్నటి వైపు నీళ్ళ దిక్కు. పైగ చిన్న బాత్‌రూమ్ల ఫ్రాస్టెడ్ పెడితె గోడ కట్టినట్టయితది, రూమ్ ఇంక ఇరుకు కొడ్తది. ప్లెయిన్ పెట్టుండ్రి. బావకి చెప్పుండ్రి హోటల్ల గ్లాసు తుడిచేటోళ్ళు వేరే ఉంటరని.

గీతల_గీత
ఇంటీరియర్ డ్రాయింగ్స్ వేస్తుంటాను, నిజాంపేట వైపు పాత ఫ్లాట్లు చాలా చేశా. నివాసి గారూ, మీరిచ్చిన కొలతలు కాగితం మీద పెట్టి చూశాను, ట్రాప్ జరపక్కర్లేదు, గ్లాసు జరిపితే సరిపోతుంది.

మొత్తం పొడవు 90 అంగుళాలు. వెనక గోడ నుంచి 36 దగ్గర కాకుండా 42 దగ్గర గ్లాసు లైన్ పెట్టండి. అప్పుడు 37 దగ్గరున్న ట్రాప్ గ్లాసుకి లోపల పడుతుంది, ఐదంగుళాల తేడాతో. బయట 48 మిగిలింది. కమోడ్ మధ్య నుంచి అటూ ఇటూ కనీసం 15 అంగుళాలు ఖాళీ ఉండాలి, లేకపోతే కూర్చున్నప్పుడు మోచేతులు తగులుతాయి. 48 లోంచి 15 తీస్తే 33, అంటే తలుపు వైపు గోడ నుంచి 33 దగ్గర కమోడ్ మధ్య రావాలి. బేసిన్ వెడల్పు 18 మించకూడదు. ఇప్పుడు మీ కమోడ్ మధ్యకి ఎంతుందో కొలిచి చెప్తారా?

నిజాంపేట_నివాసి
కొలిచానండి. 32 కొంచెం పైన. బేసిన్ ఇప్పుడున్నది 20, అది ఎలాగూ మారుస్తున్నాం.

గీతల_గీత
అయితే మీ పని అయిపోయింది. కమోడ్ కదల్చక్కర్లేదు, మధ్య 32 దగ్గరుంది కాబట్టి కొత్త బేసిన్ మాత్రం 17 మించకుండా చూడండి.

ఇక గ్లాసు వెడల్పు. నాలుగున్నర అడుగులు అంటే 54 అంగుళాలు. ఎడం గోడ నుంచి 28 అంగుళాల ఫిక్స్‌డ్ గ్లాసు, ఎత్తు ఆరున్నర అడుగులు, కుడి పక్క 26 ఖాళీ, అదే దారి. కమోడ్ ఎడం పక్కే కాబట్టి గ్లాసు దాన్ని కాపాడుతుంది, మీరు నడిచే దారి కుడి పక్కే కాబట్టి ఏమీ అడ్డం రాదు. లోపల 54 బై 42 వస్తుంది, పీట వేసుకుని కూర్చోవచ్చు, బకెట్టు పెట్టుకోవచ్చు, అవసరమైతే పక్కన ఇంకో మనిషి నిలబడి వీపు రుద్దొచ్చు. మూడు బై మూడు డబ్బాలో ఇవేవీ అయ్యేవి కావు, పైగా దాని పక్కన అడుగున్నర సందు ఎందుకూ పనికిరాకుండా పోయేది, దాన్ని కడగడం ఇంకో తలనొప్పి.

షవర్ హెడ్ ఎడం గోడకి, గ్లాసు వెనక వచ్చేలా, ఆర్మ్ పొట్టిది పెట్టించండి. నీళ్ళు నిట్టనిలువుగా గ్లాసు చాటున పడాలి. కుడి గోడకో వెనక గోడకో పెట్టి పొడుగాటి ఆర్మ్ పెడితే ఖాళీలోంచి చిమ్ముతుంది. మిక్సరూ బకెట్టు కుళాయీ కుడి గోడకి, దారి దగ్గర. చలికాలం పొద్దున్నే వేడినీళ్ళు వచ్చేదాకా బయట నిలబడి చెయ్యి మాత్రం చాచి తిప్పుకోవచ్చు. రెండు గోడల్లో పైపులంటే ప్లంబర్ సణుగుతాడు, గోడలు ఎలాగూ కొడుతున్నారు కదా, ఒప్పించండి.

అత్తగారు పట్టుకుని లేవడానికి కుడి గోడకి స్టీల్ గ్రాబ్ బార్. గ్లాసుకి బిగించే టవల్ రాడ్డు పట్టుకుని లేవడం అలవాటు కానీయకండి. బార్ వచ్చే చోట గోడ గట్టిగా ఉందో లేదో టైల్స్ వేయకముందే చూసుకోవాలి. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చండి, ఫ్రేమ్ ఎలాగూ తీస్తున్నారు. నేలకి మ్యాట్ ఫినిష్ టైలు, నున్నటిది వద్దు.

అడగడం మర్చిపోయా, గీజర్ కరెంటుదేనా? గ్యాస్ గీజర్ అయితే లోపల పెట్టొద్దు, మూసిన బాత్‌రూమ్‌లో కార్బన్ మోనాక్సైడ్ తయారై మనుషులు పోయిన కేసులున్నాయి, వాసన కూడా రాదు.

నిజాంపేట_నివాసి
గీత గారూ మీకు ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. గీజర్ కరెంటుదే. మావారికి కాగితం మీద గీసి చూపించా, సరే అన్నారు గానీ ఆ 26 అంగుళాల ఖాళీలోంచి నీళ్ళు బయటికి రావా అని ఒకటే ప్రశ్న. కింద గట్టు కట్టించాలా మరి?

తాపీ_బాబాయ్
వస్తాయి, చెంబుతో పోసుకుంటే నాలుగు చుక్కలు రాకుండా ఎలా ఉంటాయి. ఆ నాలుగు చుక్కలు తిరిగి లోపలికి పోయేలా నేల ఉండాలి, అదీ విషయం.

గట్టు వద్దు. ఒకటి, మోకాళ్ళ నొప్పి ఉన్నావిడ తడికాలితో గట్టు దాటడం ప్రమాదం. రెండు, మనం బాత్‌రూమ్ కడిగేది ఎలా? బకెట్టు నీళ్ళు గుమ్మరించి చీపురుతో తోస్తాం. కమోడ్ దగ్గర గుమ్మరించిన నీళ్ళు ఎటు పోవాలి? గట్టు ఉంటే బయట భాగానికి ఇంకో ట్రాప్ కావాలి. అందుకని తలుపు దగ్గర ఎత్తు, అక్కడి నుంచి ట్రాప్ దాకా ఒకటే వాటం. స్నానం చేసేచోట అడుగుకి పావు అంగుళం, బయట దానికంటే కాస్త తక్కువ. తలుపు దగ్గర మాత్రం సన్నటి గ్రానైట్ గడప, హాల్లోకి రాకుండా.

టైల్స్ అతికేముందు మేస్త్రి చేత ఒక మగ్గు నీళ్ళు పోయించి చూడు, నాలుగు మూలల నుంచీ పోసి చూడాలి, ఎక్కడా నిలవకుండా ట్రాప్‌కే పోవాలి. చాలామంది టైల్స్ అయ్యాక పోసి చూస్తారు, అప్పుడేం లాభం.

వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక ట్రాప్ మూసేసి నీళ్ళు నింపి కనీసం ఒక రోజు వదిలెయ్యి, రెండు రోజులైతే ఇంకా మంచిది, కింద ఆంటీని పిలిచి వాళ్ళ సీలింగు వాళ్ళచేతే చూపించు. పొడిగా ఉంటే ఆవిడ కూడా నమ్ముతుంది. కోటింగు నేలకి మాత్రమే కాదు, గోడ మీదకి అడుగైనా ఎక్కించాలి, షవర్ ఉన్న గోడకి మనిషెత్తు. ఆ తర్వాత ఒక్క మేకు కూడా నేలలో దిగకూడదు, డ్రిల్లు అసలే వద్దు. గ్లాసన్నా, నేలకి డ్రిల్లు లేకుండా నువ్వెలా బిగిస్తావో చెప్పు.

కరీంనగర్_గ్లాసన్న
బాబాయ్ మంచి మాటన్నరు. నేలకి డ్రిల్లు గొడితె వాటర్‌ప్రూఫింగ్ ఏమైతది, గంగల పోతది. నేనైతె ఎడమ గోడకి గ్లాసు అంచు పట్టుకునే యూ చానల్ స్క్రూలతోని బిగిస్త, గా బొక్కలల్ల గూడ సిలికాన్ నింపినంకనే స్క్రూ దింపుత. నేల మీద సన్నటి చానల్‌ని సిలికాన్‌తోని అతికిస్త, డ్రిల్లు లేదు. గ్లాసు కింద రబ్బరు బ్లాకులు పెట్టి దాని మీద కూసోబెడ్త, టైలుకి తగలదు. పైన ఎదురు గోడకి దాక అడ్డం రాడ్డు. సిలికాన్ యాంటీ ఫంగల్ అని రాసి ఉన్నది తెప్పియ్యుండ్రి, మామూలుది ఆర్నెల్లకి నల్లబడ్తది. సిలికాన్ పెట్టినంక ఒక రోజు నీళ్ళు తగలనియ్యొద్దు, ఆ రోజు ఇంకో బాత్‌రూమ్ వాడుకోండ్రి.

గీత మేడం చెప్పిన 28 బై ఆరున్నర అడుగులు అంటె 8 ఎంఎంల 28 కిలోల దాక వస్తది, ఇద్దరు మనుషులు ఎత్తుడే.

ఇంకోటి చాన ముఖ్యం. కొలత టైల్స్ అయినంకనే ఇయ్యుండ్రి. ఒకసారి టఫెన్ అయినంక గా గ్లాసుని ఒక్క ఎంఎం గూడ కొయ్యలేం, బొక్క గొట్టలేం, గొడితె మొత్తం పొడి అయితది. గోడ తూకంల ఉండదు, పాత బిల్డింగులల్ల పైన కింద అర అంగుళం తేడా చూసిన. మూడు చోట్ల కొలవాలె, కింద, నడుమ, పైన. నేల వాటం కూడ ఉంటది కాబట్టి గ్లాసు కింది అంచు వాటానికి తగ్గట్టు ఏటవాలు కోపియ్యాలె, లేకుంటె ఒక మూల సందు కనబడ్తది. షాపతను ఇప్పుడే పాత టైల్స్ మీద కొలిచి అడ్వాన్సు తీసుకుంట అంటె వద్దని చెప్పుండ్రి. టైల్స్ పని అయినంక గ్లాసు వచ్చేదాక వారం పది రోజులు ఆగాలె, తప్పదు.

వైజాగ్_బీచ్_బాబు
నేను కర్టెన్ అన్నందుకు అందరూ నన్ను ఉతికారు గానీ ఆ 26 అంగుళాల ఖాళీకి చిన్న కర్టెన్ వేస్తే నాలుగు చుక్కలు కూడా రావు కదా 😎

కడప_కోడలు
తమ్ముడూ ఈసారి నువ్వు చెప్పింది కరెక్టే 😂 పిల్లలు షవర్ కింద గంతులేసేటప్పుడు లాక్కోవచ్చు.

గీతల_గీత
నిజమే, అడ్డం రాడ్డు ఎలాగూ గోడ దాకా వస్తోంది, దానికే రింగులు వేసుకోవచ్చు. రాడ్డు గుండ్రటిది అడగండి అయితే, చదరపుది కాదు.

నిజాంపేట_నివాసి
అప్‌డేట్. పాత టైల్స్ తీసేశారు, గోడలు కూడా కొట్టారు, కుడి గోడకి మిక్సర్ పైపు వేయించా, ప్లంబర్ సణిగాడు గీత గారు చెప్పినట్టే. వాటర్‌ప్రూఫింగ్ అయ్యి నీళ్ళు నింపి వదిలాం, కింద ఆంటీ వాళ్ళాయనతో సహా వచ్చి టార్చ్ లైట్ పెట్టి సీలింగు చూసుకున్నారు, ఎక్కడా చెమ్మ లేదు. గ్లాస్ షాపతనికి ఫోన్ చేసి ఎన్‌క్లోజర్ వద్దు, ఫిక్స్‌డ్ చాలు, టైల్స్ అయ్యాక వచ్చి కొలుచుకోండి అంటే కాసేపు అది లేటవుతుంది, రేటు మారుతుంది అన్నాడు, బిల్లు మీద 304 అని రాయాలి, గ్లాసు మూల ముద్ర చూసే తీసుకుంటాం అనేసరికి మేడం మీరు ఇంజినీరా అని అడిగాడు.

ఒక్కటే మిగిలింది. సబ్బులూ షాంపూలూ పెట్టుకోవడానికి గోడలో గూడు కట్టించాలా, లేక స్టీల్ ర్యాక్ బిగించుకోవాలా? మేస్త్రి గూడు అంటున్నాడు.

తాపీ_బాబాయ్
ఏ గోడకి? వెనక గోడ బయటి గోడ అయితే తొమ్మిదంగుళాలు ఉంటుంది, అందులో గూడు కొట్టొచ్చు. పక్క గోడ నాలుగున్నర అంగుళాలదైతే కొట్టొద్దు, అవతల బెడ్‌రూమ్‌లో చెమ్మ దిగుతుంది. గూడు కట్టిస్తే అడుగు పలక బయటికి కొద్దిగా వాలి ఉండాలి, లేకపోతే సబ్బు నీళ్ళలో నానుతుంది. వాటర్‌ప్రూఫింగ్ ఇప్పుడే అయిపోయిందంటున్నావు కదా, గూడు కొడితే అక్కడ మళ్ళీ కోటింగు వేయించాలి, అది గుర్తు పెట్టుకో.

నిజాంపేట_నివాసి
వెనక గోడ బయటిదే గానీ మళ్ళీ కొట్టడం, కోటింగు అంటే వద్దు బాబాయ్ గారూ. ర్యాకే పెట్టిస్తా, మూల ర్యాకు, అత్తయ్య పీట మీద కూర్చున్నా చెయ్యి అందేంత ఎత్తులో ఒకటి, మాకు పైన ఒకటి.

కరీంనగర్_గ్లాసన్న
గది గూడ గోడకే బిగియ్యిండ్రి అక్కా, గ్లాసుకి తగిలించే ర్యాకులు అమ్ముతరు, కొనకుండ్రి. షాంపూ డబ్బాల బరువుకి అంచు మీద దెబ్బ పడ్తనే ఉంటది.

నిజాంపేట_నివాసి
నోట్ చేసుకున్నా అన్నా. టైల్స్ మంగళవారం మొదలు, మ్యాట్ ఫినిష్, లేత బూడిద రంగు.